చేతి సంచిలో ఇత్తడి విగ్రహం, కొండపల్లి బొమ్మలు: ఆపుతారా?

ప్రశ్న: శంషాబాద్ నుంచి డాలస్ ప్రయాణం. ఇత్తడి దుర్గమ్మ, కొండపల్లి దశావతారాలు, ఆవకాయ, ఎండు కొబ్బరి చేతి సంచిలో పెట్టుకోవచ్చా అండీ?

జవాబు 1: పోత ఇత్తడిలోంచి ఎక్స్‌రే సరిగా దూరదు, తెర మీద నల్ల ముద్దలా కనిపిస్తుంది. కాబట్టి సంచి తెరిపించడం దాదాపు ఖాయం. విగ్రహాన్ని అన్నిటికంటే పైన, పాత చీర ముక్కలో చుట్టి పెట్టండి. టేపు మాత్రం వద్దు, అక్కడ విప్పలేక తంటా. త్రిశూలం ఊడొచ్చేదైతే చెక్-ఇన్‌లో వేసేయండి, మొన ఉంటే ఆపుతారు. కొన్న బిల్లు దగ్గరుంచుకోండి. 1972 నాటి పురాతన వస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహాలు దేశం దాటకూడదు. మీది చూడ్డానికి పాతగా ఉంటే పురావస్తు శాఖ నుంచి 'పురాతన వస్తువు కాదు' అనే పత్రం ముందే తీసుకోండి.

జవాబు 2: ఆవకాయ చెక్-ఇన్‌లోనే. పైన తేలే నూనె ద్రవం కిందికే వస్తుంది, క్యాబిన్‌లో సీసాకు 100 మి.లీ. దాటకూడదు. ఎండు కొబ్బరి ఎందులోనూ వద్దండీ. నూనె వల్ల తనంతట తనే వేడెక్కి అంటుకునే సరుకు.

జవాబు 3: బొమ్మలు క్యాబిన్‌లోనే మేలు. పొనికి కర్ర తేలిక, కానీ మక్కుతో (చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన జిగురు ముద్దతో) అతికిన చేతులు ఊడతాయి. చేతుల సందుల్లో దూది కుక్కండి. అమెరికాలో దిగాక కర్ర వస్తువులని డిక్లేర్ చేయండి. పురుగు తొలిచిన చిల్లులుంటే అక్కడే ఉంచేసుకుంటారు.