నాన్న చేతులు మంచానికి కట్టేస్తున్నారు, రాత్రిళ్ళు ఏం చేయాలో తోచడం లేదు

గుంటూరు_చిన్నమ్మాయి:

మా నాన్నకి 79 ఏళ్ళు. మూడేళ్ళుగా డిమెన్షియా ఉంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పెద్ద ఇబ్బంది లేదు. అడిగిందే అడుగుతారు, అన్నం తిన్న అరగంటకే తినలేదంటారు, అంతే. పోయిన వారం బాత్రూం గడప దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి ఇవాళ్టికి ఆరో రోజు.

ఆపరేషన్ తర్వాత రెండో రాత్రి నుంచి మనిషి మనిషిలా లేరు. పగలంతా మగత. సాయంత్రం లైట్లు వేసేసరికి మొదలు. సెలైన్ సూది రెండుసార్లు పీకేశారు, దుప్పటంతా రక్తం. మొన్న ఒక సిస్టర్ చేయి పట్టుకుని మెలితిప్పారు. మా మీద ఏనాడూ చేయెత్తని మనిషి! ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది, నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 32 ఏళ్ళు గుమాస్తాగా చేశారు. రాత్రంతా ఒకటే మాట: "వాన పడతంది, టిక్కీలు తడిసిపోతన్నాయ్, పట్టాలు కప్పండిరా!" టిక్కీలంటే మిరపకాయల బస్తాలు. ఏసీ చప్పుడు ఆయనకి వానలా వినపడుతోందని నా అనుమానం. "వాన లేదు నాన్నా, ఇది ఆసుపత్రి" అన్నానా, ఇంకా రెచ్చిపోయి మంచం దిగబోతారు. అందుకని మూడు రాత్రులుగా రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచం కడ్డీలకి కట్టేస్తున్నారు. నిన్న రాత్రి ఒంటిగంటకి నన్ను చూసి "అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, విప్పమ్మా" అన్నారు. నన్నెవరనుకున్నారో.

"మతిమరుపు జబ్బు ముదిరింది, ఈ వయసులో మామూలే" అంటున్నారు డాక్టర్ గారు. అన్నయ్యేమో మత్తు డోసు పెంచమనడం. ఒళ్ళంతా దురదంటున్నారని రోజూ రాత్రి ఇంకో ఇంజెక్షన్ కూడా చేస్తున్నారు. దాంతో నిద్ర కూడా పడుతుందన్నారు. పట్టింది లేదు. ఇలాంటిది ఎవరైనా చూశారా? ఇది తగ్గుతుందా, ఇక ఇంతేనా?

కృష్ణలంక_కుర్రాడు:

మా అమ్మకీ ఇదే చేశారండీ. కట్టిన కొద్దీ గింజుకుంది, మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది. పక్కన ఇంటి మనిషి కూర్చుంటే కట్టం అన్నారు. నేను, బావ, పిన్ని రాత్రిని మూడు ముక్కలు చేసుకున్నాం. మీరొక్కరే రాత్రంతా మేలుకోకండి. మూడో రోజుకి మీరే ఆయన మీద అరుస్తారు. నేను అరిచాను.

రిటైర్డ్_సిస్టర్:

వయసులో పెద్దదాన్ని, నువ్వు అనే అంటానమ్మా. ప్రభుత్వాసుపత్రిలో 31 ఏళ్ళు చేశాను, అందులో సగం ఎముకల వార్డులోనే.

మూడేళ్ళ జబ్బు రెండు రాత్రుల్లో ముదరదు. పగలు మగత, రాత్రి గోల, గంటకో తీరు, అదీ ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో మొదలైందంటే దాని పేరు డెలీరియం. డిమెన్షియా ఉన్నవాళ్ళకి మరీ తేలిగ్గా వస్తుంది. కారణం పట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. కొందరికి వారాలు పడుతుంది, కొందరు మునుపటంత కారు. దాచి లాభం లేదు.

కాబట్టి డోసు సంగతి తర్వాత, ముందు కారణం వెతకాలి. నాకు రెండు సంగతులు చెప్పు. విరేచనం అయి ఎన్నాళ్ళైంది? యూరిన్ పైపు తీసేశారా? తీశాక ఎలా పోస్తున్నారు? "తడిసిపోతన్నాయ్" అంటున్నారు కదా, ఆ తడి ఎక్కడిదో దుప్పటి ఎత్తి చూశావా? పైపు తీశాక పక్క కొద్దికొద్దిగా తడుస్తుంటే పోస్తున్నారులే అనుకుంటాం. ఒక్కోసారి లోపల మూత్రాశయం నిండిపోయి, పట్టక పైకి పొర్లే చుక్కలవి. బొడ్డు కింద మెల్లగా అరచెయ్యి పెట్టి చూడు. గట్టిగా, ఉబ్బుగా ఉండి, నొక్కగానే ముఖం చిట్లిస్తే వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలిచి స్కాన్ అడుగు. ఆ బాధ మాటల్లో చెప్పలేని మనిషి సూది పీకక ఏం చేస్తాడు?

నాకు ఇంకా అనుమానంగా ఉన్నది ఆ దురద ఇంజెక్షన్. పేరు కనుక్కో. ఫెనిరమైన్ రకమైతే ముసలివాళ్ళకి నోరెండుతుంది, మూత్రం ఆగుతుంది, మలబద్ధకం, పైగా బుర్ర గందరగోళం. వార్డుల్లో నిద్ర కోసమని దాన్ని ఎంత తేలిగ్గా చేసేస్తారో! నేనూ చేశాను. "దీని బదులు ఇంకేమైనా ఉందా సార్" అని మర్యాదగా అడిగితే తప్పు లేదు. రక్తంలో సోడియం, యూరిన్ ఇన్‌ఫెక్షన్ కూడా చూడమను. నొప్పి మందు అడిగినప్పుడు కాకుండా టైం ప్రకారం ఇమ్మను, ఆయన ఎలాగూ అడగరు.

మీ అన్నయ్యకి చెప్పు. నిద్రమాత్రల సంగతి వేరు, హాలోపెరిడాల్ లాంటి మానసిక జబ్బుల మందులు వేరు. మనిషికి నిజంగా ప్రమాదం అనుకున్నప్పుడు చిన్న డోసు డాక్టర్లే ఇస్తారు, ఇవ్వాల్సి వస్తుంది. కానీ డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ జాతి మందులకి ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొన్నిటి మీద, 2008లో మిగతావాటి మీద కూడా హెచ్చరిక వేయించింది. వార్డు ప్రశాంతంగా ఉండడానికి వాడే మందులు కావు.

కట్టడం అంటావా, నేనూ కట్టాను. రాత్రి డ్యూటీలో 40 మందికి ఇద్దరం, ఏం చేస్తాం అనుకునేదాన్ని. ఒక పెద్దాయన కట్టు వదులు చేసుకుని, ఎత్తిన కడ్డీల మీంచి దాటబోయి పడ్డాడు. కడ్డీలు లేకపోతే మంచం ఎత్తు నుంచే పడేవాడు. మేము దానికి ఇంకో అడుగున్నర కలిపాం. ఆ తర్వాత ఎవర్నైనా కట్టాల్సొస్తే నాకు చెయ్యి ఆడేది కాదు.

నోటితో తాగుతున్నారా? తాగితే అసలు సెలైన్ ఎందుకో అడుగు. తప్పదంటే సూది ముంజేతికి పెట్టి, పైన బ్యాండేజీ గుడ్డ చుట్టి పొడుగు చేతుల చొక్కా వేయమను. కనపడనిదాన్ని పీకరు. కళ్ళజోడు, కట్టుడు పళ్ళు బీరువాలో దాచి ఉంటే తీసి పెట్టు. పగలు కుర్చీలో కూర్చోబెట్టించు.

వాన లేదని వాదించకు. ఆయన చెవికి పడుతోందిగా.

బర్మింగ్‌హామ్_తెలుగు_నర్స్:

సిస్టర్ గారు అన్నీ చెప్పేశారు, ఒక్కటి కలుపుతాను. ఇక్కడ 'దిస్ ఈజ్ మీ' అని అల్జీమర్స్ సొసైటీ వాళ్ళ కాగితం ఒకటి నింపి పేషెంట్ దగ్గర ఉంచుతాం. ఆయన్ని ఏమని పిలవాలి, ఏం పని చేసేవారు, దేనికి భయపడతారు, టీ ఎలా తాగుతారు, ఇవే. షిఫ్టు మారినప్పుడల్లా కొత్త నర్స్‌కి మీరు మొదట్నుంచి చెప్పక్కర్లేదు. మీరూ ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి మంచం తల దగ్గర అంటించండి. చేతులు ఊరుకోకపోతే ఒక గోనెపట్టా ముక్క, పురికొస ఇచ్చి చూడండి. సూది జోలికి పోవడం తగ్గొచ్చు.

గుంటూరు_చిన్నమ్మాయి:

రెండు రోజులకి రాస్తున్నాను, క్షమించండి. సిస్టర్ గారూ, ఆ రాత్రే చెయ్యి పెట్టి చూశాను. రాయిలా ఉంది. స్కాన్‌లో 800 మి.లీ. పైన ఉందన్నారు. మళ్ళీ పైపు వేశారు. వేస్తున్నంతసేపూ అరిచి, అయ్యాక ఒక్కసారిగా నిద్రపోయారు. విరేచనం అయి ఐదు రోజులట, ఎవరూ లెక్కపెట్టలేదు, నాతో సహా. ఎనిమా ఇచ్చారు. దురద ఇంజెక్షన్ ఆపి ఒంటికి పూత మందు రాశారు. నిన్నటి నుంచి సెలైన్ లేదు, నిన్న రాత్రి చేతులు కట్టలేదు.

పూర్తిగా తగ్గలేదు. పగలు ఇంకా మగతగానే ఉన్నారు. అన్నయ్య నా మీద అలిగాడు, అది వేరే కథ. కాగితం అంటించాను: "కమీషన్ కొట్టు గుమాస్తా. గుమాస్తా గారూ అని పిలిస్తే పలుకుతారు. టీలో పంచదార రెండు చెంచాలు." ఆ చేయి మెలితిప్పించుకున్న సిస్టరే పొద్దున "గుమాస్తా గారూ, కాటా వేద్దామా?" అంటూ బీపీ చూసింది. చేయి చాపారు.

తెల్లవారుజామున నాలుగింటికి మళ్ళీ వాన. ఏసీ కట్టేసి, "పట్టాలు కప్పేశారు నాన్నా, సావుకారు దగ్గరుండి చూసుకున్నారు" అన్నాను. కాసేపు పైకప్పు వంక చూశారు.

"ఎన్ని టిక్కీలు?"

నోటికొచ్చింది చెప్పాను, 42 అని.

"రెండు తక్కువొచ్చినయ్. పొద్దున్నే మళ్ళీ లెక్కపెట్టించు" అని పురికొస చేతికి చుట్టుకుని కళ్ళు మూసుకున్నారు.