విష్ణుక్రాంత అంటే మన దింటెనేనా?

కావలి నుంచి:
నిన్న మా కోడలు గాజుగ్లాసులో వేడినీళ్లు పోసి, ఎండిన శంఖపుష్పాలు అయిదారు వేసింది. చూస్తుండగానే నీళ్లు బట్టలకు పెట్టే నీలిమందులా అయ్యాయి. నిమ్మచెక్క పిండితే ఊదా రంగుకు తిరిగాయి. ‘జ్ఞాపకశక్తికి మంచిది అత్తయ్యా, శంఖపుష్పి సిరప్ దీనితోనే చేస్తారు’ అంది. మా అమ్మ ఈ తీగను దింటెన అనేది. వినాయక చవితికి దీని ఆకునే విష్ణుక్రాంత అని కోసేది. ఇన్ని పేర్లూ ఒక్క మొక్కవేనా మాస్టారూ?

ఒంగోలు నుంచి:
మీ అమ్మగారి పక్షాన అమరకోశం రాసిన అమరసింహుడే ఉన్నాడమ్మా. ‘ఆస్ఫోతా గిరికర్ణీ స్యాద్విష్ణుక్రాంతాపరాజితా’ అని నాలుగు పేర్లూ ఒక్క మొక్కకే కట్టాడు. ఆ గిరికర్ణికే మన దింటెన. కానీ వాడుకలో విష్ణుక్రాంత ఇల్లు మారింది. బీడు నేలల్లో పాకుతూ, చిటికెన వేలి గోరంత నీలి పువ్వు పూసే మొక్కను ఇప్పుడు చాలామంది ఆ పేరుతో పిలుస్తారు. అది ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. దింటెన క్లిటోరియా టెర్నేటియా, చిక్కుడు కుటుంబానిది. 21 పత్రుల్లో పదకొండోదిగా ఏది పెట్టినా విఘ్నేశ్వరుడు ఇంతవరకూ కాదనలేదు.

సిరప్ సంగతి అలా కాదు. ఉత్తరాదిన శంఖపుష్పి అంటే మూడో మొక్క, కాన్వాల్వులస్. కేరళ వైద్యులు మాత్రం దింటెననే శంఖపుష్పి అంటారు. సీసా మీద శాస్త్రీయ నామం చూడమనండి.

కావలి నుంచి:
చూశాం. కాన్వాల్వులస్ అనే ఉంది. కోడలు ఆ గ్లాసు నావైపు జరిపి, టీ పెట్టుకుంటానని లోపలికి వెళ్లింది.

కందుకూరు నుంచి:
టెర్నేటియా అన్నది ఇండోనేషియాలోని టెర్నేట్ దీవి మీదుగా వచ్చిన పేరు. మలేషియాలో ఈ పూలరసంతో అన్నం నీలంగా వండుకుంటారు, నాసి కెరాబు అని. నేను జిలకర సన్నాలతో ఒకసారి వండాను. రుచిలో తేడా లేదు కానీ, మా నాన్నగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. పోనీ నీలి పులిహోర చేద్దామంటే అదీ కుదరదు. రంగు ఆంథోసయనిన్లు అనే వర్ణకాలది, పులుపు తగలగానే మారిపోతుంది.

అక్కా, పూలతో ఆగండి. గింజలను, వేరును వంటింట్లోకి రానివ్వకండి. వేరు విరేచనకారి. పూర్వం మోతాదు తెలిసినవారే నూరి ఇచ్చేవారు.

కావలి నుంచి:
అలాగే తమ్ముడూ. మా ప్రహరీ మీద తెల్లపూల తీగ కూడా ఉంది. పూజకు నీలం, మందుకు తెలుపు అనేది అమ్మ.

ఒంగోలు నుంచి:
తెల్లదానికి వేరే పేరేమైనా చెప్పేవారా?

కావలి నుంచి:
తెల్ల దింటెన. అంతే.