పాత కాగితాలతో కొలాజ్ బుక్‌మార్కులు: వంకర, జిగురు, మరకలు

అట్టముక్క: పాత పత్రికలు, కవర్లు, రంగు కాగితాలు చించి అట్ట మీద అతికించి బుక్‌మార్కులు చేస్తున్నాను. అతికించేటప్పుడు చదునుగా ఉన్నవి తెల్లారేసరికి పడవల్లా వంగిపోతున్నాయి. ఏ జిగురు వాడాలో, మందం ఎంత ఉండాలో, దారం కట్టే రంధ్రం చిరగకుండా ఏం చేయాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

కత్తెరపిట్ట: జిగురును నిందించి లాభం లేదు. తడికి సాగిన కాగితం ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి, ఒకవైపే అతికిస్తే అట్టను ఆ వైపుకే లాగుతుంది. వెనకవైపు కూడా అంతే మందమున్న కాగితం అతికించి, మైనపు కాగితాల మధ్య పెట్టి, పూర్తిగా ఆరేదాకా లావు పుస్తకాల కింద ఉంచండి. అట్టను రెండు దిశల్లోనూ కొద్దిగా వంచి చూస్తే, తేలిగ్గా లొంగిన వంపుకు సమాంతరంగా పోగు (అట్టలోని నారలు సాగే దిశ) ఉన్నట్టు తెలుస్తుంది. ఆ పోగు నిలువుగా వచ్చేలా కత్తిరించుకోవాలి.

పాతపేజీ: అవన్నీ తరువాతి మాట. ముందు వార్తాపత్రిక కాగితం మానండి. కలపను నూరి చేసిన ఆ గుజ్జులో కలపలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోయి, వెలుతురుకూ గాలికీ పచ్చబడుతుంది, ఆమ్లం పుట్టిస్తుంది. నాకు కానుకగా వచ్చిన అలాంటి బుక్‌మార్కు ఒక పుస్తకంలో చాలాకాలం ఉండిపోతే, దాని కొలతకు సరిగ్గా సరిపోయే గోధుమరంగు మరక ఎదురెదురు పేజీలు రెండింటికీ పట్టింది. ఆ పుస్తకం మళ్ళీ దొరికేది కాదు.

చిత్తుకాగితం: వార్తాపత్రికే వద్దంటే ఇక పాత కాగితం వాడడమన్న మాటకు అర్థమేముంది? చిత్రకారుడు పికాసో అంతటివాడు 1912లో వార్తాపత్రిక ముక్కలనే అతికించాడు.

పాతపేజీ: అతికించాడు, ఆ ముక్కలు గోధుమరంగుకు తిరిగాయి కూడా. అయినా ఆయన వాటిని ఎవరి పుస్తకంలోనూ దూర్చలేదు కదా!

చిత్తుకాగితం: చదువుతున్నన్నాళ్ళే పుస్తకంలో ఉండే వస్తువుకు ఇంత రసాయనశాస్త్రం అవసరమా? పుస్తకాన్ని సగంలో వదిలేసి, తప్పు బుక్‌మార్కు మీదికి నెట్టడం న్యాయం కాదు.

పాతపేజీ: నేను ఏ పుస్తకం ఎంతవరకు చదివానన్నది మీకు అనవసరం.

మెరుపుపూత: ఇద్దరూ శాంతించండి. లామినేషన్ చేయిస్తే మరక పట్టదు, వంకర తిరగదు.

కత్తెరపిట్ట: పాత కాగితానికి మరో జన్మ ఇస్తున్నామంటూ దాన్ని ప్లాస్టిక్‌లో బిగిస్తే, ఆ తరువాత గుజ్జుగా మార్చడానికీ పనికిరాదు. అంతకంటే అచ్చు వేయని కొత్త అట్ట వాడుకోవడమే నయం.

కుట్టుసూది: బైండింగు పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి కనుక చెబుతున్నాను, మీరెవరూ అసలు సంగతి ముట్టుకోలేదు. పొర మీద పొర పేర్చిన లావు బుక్‌మార్కు పుస్తకం వెన్నును విప్పేస్తుంది. అడుగున 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) అట్ట, దాని మీద ఒకటి రెండు పలుచని పొరలు చాలు. తెల్ల జిగురును పలుచగా, అంచులదాకా పూయాలి. అంచు దగ్గర పొడిగా మిగిలిన చోటే ముక్క లేచి పేజీకి తగులుకుంటుంది. మైదా జిగురు తడిపితే ఊడివస్తుంది, మరమ్మతుకు అదే మేలు, కాని పురుగులకు ఇష్టం.

అట్టముక్క: ధన్యవాదాలు. పాత బిల్లు కాగితాలు కూడా చాలా పోగుచేశాను. వంకర పోవడానికి పైనుంచి ఇస్త్రీ చేయవచ్చునా?

కుట్టుసూది: అవి వేడికి రంగు మారే కాగితాలైతే ఇస్త్రీపెట్టె తగిలిన చోటల్లా నల్లబడతాయి. ముద్రణ కూడా కాలక్రమంలో వెలిసిపోతుంది. వాటిని పక్కన పెట్టండి.

చిత్తుకాగితం: నల్లబడితే మాత్రమేం? అంచులు కావాలనే అలా నల్లబరిచి నేను చేసినవే అందరూ ముందుగా అడిగి తీసుకుంటున్నారు.

పాతపేజీ: తీసుకున్నవారి పుస్తకాలు ఎలా ఉన్నాయో కూడా ఒకసారి అడగండి.