అనిమె, అనిమే, యానిమే: ఏది రాయాలి?

మొన్న మన గ్రూపులో ఒక చెల్లి అడిగింది: "జపాను యానిమేషన్‌ని అనిమే అని రాయాలా, యానిమే అనా? అసలు 'బొమ్మల సినిమా' అంటే సరిపోదా?" అక్కడ కామెంట్లలో ఇమడదని విడిగా రాస్తున్నాను.

నా ఓటు 'అనిమె'కి. చివర ఎత్వమే, ఏత్వం కాదు.

ఇంగ్లీషు మాటను తెచ్చుకుని పొట్టిగా కోసుకోవడం జపాను వాళ్ళకు బాగా అలవాటు. టెలివిజన్‌ని తెరెబి అంటారు, రిమోట్ కంట్రోల్‌ని రిమొకొన్ అంటారు. అలాగే యానిమేషన్ మొదట అనిమేషొన్ అయింది, తర్వాత తోక తెగి అనిమె అయింది. పూర్తి మాటలో 'మే' దీర్ఘం. వాళ్ళ లిపిలో ఆ దీర్ఘాన్ని ఒక గీతతో చూపిస్తారు. మాట తెగినప్పుడు ఆ గీత కూడా పోయింది. ఇంగ్లీషు రాతలో ఎ, ఏ తేడా తెలియదు. మన లిపిలో చక్కగా తెలుస్తుంది. ఉన్న అక్షరాన్ని వాడుకుందాం.

నాకు ఎంతో ఆనందం కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. జపాను భాషలో మాటకు కొలత మాత్రే, మన ఛందస్సులోలాగా. హైకూలో 5-7-5 అని లెక్కపెట్టేది వాటినే. వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి: అ ఒకటి, ని ఒకటి, మే రెండు, షొన్ రెండు. మొత్తం ఆరు. వాళ్ళ లెక్కలోనూ ఆరే! అనిమె మూడు లఘువులు, అచ్చమైన న గణం. అంటే మాటను సరిగ్గా సగానికి కోశారు. 'అనిమే' అంటే నాలుగు మాత్రలు, 'యానిమే' అంటే ఐదు.

ఇక అర్థం. జపానులో అనిమె అంటే ఏ దేశపు యానిమేషనైనా సరే, డిస్నీ వాళ్ళదైనా సరే. బయటి దేశాల్లో మాత్రం జపానుదే. మన పందికొక్కు ఇంగ్లీషులో బ్యాండికూట్ అయి, ఆస్ట్రేలియాలో ఇంకేదో జంతువుకి పేరైనట్టు, ఊరు దాటాక ఈ మాటకూ అర్థం మారింది.

అనిమె అనే మాట స్థిరపడకముందు వాళ్ళకు 'దోగ' అనే మాట ఉండేది, కదిలే బొమ్మ అని. 1956లో మొదలైన పెద్ద స్టూడియో పేరులోనూ అదే ఉంది: తోయే దోగ. 1963 జనవరి 1న ఒసము తెజుక అనే బొమ్మల కథకుడి అనిమె 'తెత్సువన్ అతొము' టీవీలో మొదలైంది. వారం వారం అరగంట కార్యక్రమం, చేతిలో డబ్బు తక్కువ. సెకనుకు 24 ఫ్రేములుంటే ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపేవారు. మనిషి మాట్లాడుతుంటే ముఖం కదలదు, నోరొక్కటే కదులుతుంది. ఆ పొదుపులోంచే ఒక శైలి పుట్టింది. అదే ఏడాది అది 'ఆస్ట్రో బాయ్' పేరుతో అమెరికా చేరింది. 1978లో ఫ్రాన్సు పిల్లలు 'గోల్డొరాక్' అనే జపాను అనిమె కోసం టీవీల ముందు కూర్చున్నారు. 2003లో జపాను దర్శకుడు మియజకి అనిమె సినిమా 'స్పిరిటెడ్ అవే'కి ఆస్కార్ వచ్చింది.

అందుకే 'బొమ్మల సినిమా' నాకు చాలదు. 'కార్టూన్' అయితే అసలే వద్దు, వినగానే చిన్నపిల్లలది అనిపిస్తుంది. యుద్ధం, చావు, ఒంటరితనం గురించి పెద్దవాళ్ళకోసం తీసినవి ఎన్నో ఉన్నాయి.

కామెంట్: అన్నా, మరి జపాను కామిక్స్‌ని మంగా అనే రాయాలా?

జవాబు: మంగ, తమ్ముడూ. చివర దీర్ఘం లేదు. అలివేలుమంగలో మంగ ఎలా పలుకుతామో అలాగే. జపాను లిపిలో మన సున్న లాంటి అక్షరం ఉంది. పక్కన గ వస్తే ఒకలా, బ వస్తే 'మ్'లా పలుకుతుంది. అంగం, అంబ పలికి చూడు, అదే పద్ధతి.

కామెంట్: మా ఇంట్లో పిల్లలంతా 'అనిమే' అనే అంటున్నారండీ. జనం నోట్లో ఉన్నదే భాష కదా?

జవాబు: నిజమేనండీ, పలికేవాళ్ళను తప్పుపట్టను. కానీ రాతలో ఇంకా ఏదీ స్థిరపడలేదు, ఇప్పుడైతే సరిచేసుకోవచ్చు. మల్లె, గొర్రె, గద్దె అనే నోటికి అనిమె కష్టం కాదు. పిల్లలకు ఆ మాత్రల లెక్క ఒకసారి చూపించండి, వాళ్ళకే నచ్చుతుంది.

కామెంట్: జపాను వాళ్ళు, మనవాళ్ళు కలిసి తీసిన రామాయణం కూడా అనిమెయేనా?

జవాబు: జపాను దర్శకుడు యుగొ సకొ, మన యానిమేటర్ రామ్ మోహన్ కలిసి చేసిందే కదా! జపాను అర్థంలో సందేహమే లేదు. బయటి అర్థంలోనూ నేను అనిమె అనే అంటాను, గీసిన తీరు అలాంటిది. 2025 జనవరిలో తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చింది. తెలుగులో చూసినవాళ్ళుంటే, రాముడు సీతతో మాట్లాడే తెలుగు గ్రాంథికంగా ఉందా, వాడుక భాషలో ఉందా? కింద రాయండి.