పాత లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేస్తే పెద్దవాళ్లు వాడగలరా?

గోదారబ్బాయి:
మా నాన్నగారి లాప్‌టాప్ 6వ జెనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ అయిపోయింది, 11 వేద్దామంటే ఈ ప్రాసెసర్‌కి కుదరదంటోంది. కొత్తది కొందామంటే "బానే ఉందిగా, ఎందుకురా దండగ" అంటారు. ఆయన చూసేది పేపరు, యూట్యూబు, బ్యాంకు, అప్పుడప్పుడు తెలుగులో ఏదో టైప్ చేసి ప్రింట్ తీసుకుంటారు అంతే. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేద్దామనుకుంటుంటే మా బావ ఒకటే గోల, జీతం లేకుండా ఎవరో రాసినదాంట్లో బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారా అని.

టెర్మినల్_తాత:
మీ బావగారి ఫోన్ ఆండ్రాయిడ్ అయితే దాని అడుగునున్నదీ లినక్స్ కెర్నలే (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అని చెప్పండి 😄 ఆ కెర్నల్ కోడ్‌లో ఎక్కువ భాగం రాసేది ఇంటెల్, గూగుల్, రెడ్‌హ్యాట్ లాంటి కంపెనీల్లో జీతం తీసుకునేవాళ్లే. వాలంటీర్లది అంటే డెబియన్ అనే లినక్స్ సిస్టమ్, 1993 నుంచి నడుపుతున్నారు, దాని మీద కట్టింది ఉబుంటు, ఉబుంటు మీద కట్టింది మింట్. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. బ్యాంకు సైటు తెరిచేది ఎలాగూ ఫైర్‌ఫాక్స్‌లోనే కదా, అక్కడ తేడా ఏమీ ఉండదు. అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్‌లో బ్యాంకు తెరవడమే నాకు భయం.

డీటీపీ_రాజు:
బ్యాంకు సంగతి సరే, ఆ తెలుగు టైపింగ్ ఏంటో ముందు కనుక్కోండి. యూనికోడ్ (ఫోన్లో, నెట్‌లో కనపడే మామూలు తెలుగు) అయితే హాయి, లినక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌లో ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఆర్‌టీఎస్ ఉంది, దాంట్లో amma అని ఇంగ్లీషు కీలు కొడితే అమ్మ వచ్చేస్తుంది. అదే డీటీపీ వాళ్లు వాడే అనూ ఫాంట్లు అయితే మాత్రం అది విండోస్ సరుకు, ఆ ఫైలు మింట్‌లో వచ్చే లిబ్రె ఆఫీస్‌లో తెరిస్తే అక్షరాల బదులు ఏవో పిచ్చి గుర్తులు కనపడతాయి, పెద్దాయన కంగారు పడిపోతారు. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటిది) లాంటివి వాడే ఇళ్లకి కూడా నేనైతే మింట్ వెయ్యమని చెప్పను.

ఓరుగల్లు_పోరడు:
మా ఇంట్ల అన్నీ మంచిగనే నడిచినయ్ గానీ ప్రింటర్ కాడ ఆగింది. చవక లేజర్, కంపెనీ డ్రైవర్ లేకుంటే కదలదు, ఆ డ్రైవర్ వేసినా ఒక పేజీ కొట్టి పడుకుంటది. అన్నా, మీరు ముందుగాల పెన్‌డ్రైవ్ మీద మింట్ ఎక్కించి దాంతోనే బూట్ చేయండి, ఇన్‌స్టాల్ నొక్కకుండానే వైఫై, సౌండ్, ప్రింటర్ అన్నీ చూసుకోవచ్చు, నచ్చకుంటే పెన్‌డ్రైవ్ గుంజేసి రీస్టార్ట్ కొడితే పాత విండోస్ అట్లనే ఉంటది.

గోదారబ్బాయి:
రాజు గారూ, అడిగానండి. గుడి కరపత్రాలన్నీ అనూలోనే ఉన్నాయంట 🤦

డీటీపీ_రాజు:
అయితే విండోస్ తీసెయ్యకండి. ఫైళ్లు బ్యాకప్ తీసుకుని పక్కన మింట్ వేసి డ్యూయల్ బూట్ పెట్టండి (ఆన్ చేసినప్పుడు రెండిట్లో ఏది కావాలో ఎంచుకోవచ్చు), కరపత్రం పని పడితే విండోస్‌లోకి, అప్పుడు వైఫై ఆపేసుకోమనండి, మిగతా అంతా మింట్‌లో. లోపల ఇంకా హార్డ్‌డిస్కే ఉంటే ముందు దాన్ని తీసి దానికన్నా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయించండి, లేకపోతే ఏది వేసినా నత్తనడకే.