కొత్త డ్రైనేజీ పైపుకు క్లీనౌట్లు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: పాత పైపు తీసేసి 110 ఎంఎం పీవీసీ వేయిస్తున్నాం. బయటి చాంబర్ దాకా 14 మీటర్లు, మధ్యలో ఒక మలుపు. కందకం పూడ్చేలోపు క్లీనౌట్లు (పైపు మూసుకుపోతే శుభ్రం చేయడానికి పెట్టే, మూత ఉన్న దారులు) ఎక్కడెక్కడ పెట్టించాలి?

జవాబు 1: రెండు చాలండీ. పైనుంచి దిగే పైపు అడుగున ఒకటి, మలుపుకు ఎగువన ఒకటి. మలుపులో 90 డిగ్రీల బెండ్ వద్దు, రెండు 45లు వేయించండి. క్లీనౌట్‌కు టీ (T ఆకారపు జాయింట్) కాదు, వై (Y ఆకారపు జాయింట్) పెట్టాలి. దాని కొమ్మ ఎగువ వైపుకు వాలి ఉంటేనే అడ్డు తీయడానికి లోపలికి తోసిన స్ప్రింగ్ నీళ్లు పోయే దిక్కుకు జారుతుంది. టీలో అయితే అడుక్కి తగిలి ఎటు తిరుగుతుందో చెప్పలేం.

జవాబు 2: క్లీనౌట్ నుంచి నేల పైకి తెచ్చే పైపు కూడా 110 ఉండాలి. 75కి తగ్గిస్తే స్ప్రింగ్ చివర బిగించే పెద్ద కట్టర్ దిగదు. మూతకు మరలుండాలి, టెఫ్లాన్ టేప్ చుట్టి బిగించాలి. సాల్వెంట్ (పీవీసీ జిగురు) పూసి అతికించేస్తే అది ఉన్నా లేనట్టే! చుట్టూ 450 ఎంఎం ఖాళీ వదలండి. టైల్స్ వేసేవాళ్లు దాన్ని కప్పేయకుండా చూసుకోండి.

అడిగినవారు: ఒకటి కారు నడిచే చోట పడుతోంది.

జవాబు 1: అయితే మూతను నేలకన్నా కాస్త దించి, పైన బరువు మోసే ఇనుప మూత పెట్టండి. దాని ఫ్రేమ్ కాంక్రీటు మీద కూర్చోవాలి, పైపు మీద కాదు. లేదంటే బరువంతా కిందికి దిగి వై దగ్గర పగులుతుంది. పూడ్చేముందు గోడ నుంచి కొలతలు కనిపించేలా ఫొటోలు తీసుకోండి.