ఎగిరే బాతుకు ఎంత ముందర కొట్టాల? ఒక్కటీ తగల్లే

ఆదోని_పిల్లోడు:
అన్నలకు నమస్తే. మాది ఆదోని, ఉద్యోగం మీద నార్త్ డకోటా వచ్చి రెండేండ్లయింది. మా ఆఫీసులో ఒక పెద్దాయన పోయిన శనివారం కెనడా గూస్ (పెద్ద అడవి బాతు) వేటకు పిల్చకపోయినాడు. లైసెన్సు, డక్ స్టాంపు (బాతుల వేటకు కొనాల్సిన సర్కారు స్టాంపు) అన్నీ తీసుకున్నా, నా మాదిరి వీసా మీద ఉండేటోళ్ళు హంటింగ్ లైసెన్సు లేకుండా తుపాకి ముట్టుకోగూడదంట. తెల్లారకముందే కోసేసిన గోధుమ చేనులో డెకాయిలు (బాతులను పిల్చే ఉత్తుత్తి బాతు బొమ్మలు) పెట్టుకోని పండుకున్నాం. బాతులు బో నిదానంగా వస్తాండాయి, రెక్కలు ఊపేది లెక్కపెట్టొచ్చు, నేను ఒక కన్ను మూసి, గొట్టం కొసన ఉండే పూసను బాతు మీద పెట్టి, ఒక గజం ముందుకు జరిపి, ఆపి, గురి చూసి కొడతాండా. 19 తూటాలు అయిపోయినాయి, ఈక కూడా రాలలే. కాలేజీలో ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిల్‌తో బాగానే కొట్టేటోన్ని, మరి ఇదేంది? ఎన్ని అడుగులు ముందర పెట్టాలో లెక్క చెప్పండి.

కడప_స్కీట్:
తప్పు నువ్వే రాసినావు గదప్పా, "ఆపి" అని. ఎన్‌సీసీ అలవాటు అది. రైఫిల్‌తో గురి చూస్తాం, షాట్‌గన్‌ను (ఒకేసారి చిన్న గుండ్లు చల్లే తుపాకి, నువ్వు పట్టుకున్నేది) వేలు చూపించినట్ల చూపిస్తామంతే. పూసను చూడగూడదు, బాతును చూడాల, అదీ తల. ఒళ్ళు చూస్తే తుపాకి తోక కాడికే పోతాది.
కర్నూలు బస్టాండులో పండగప్పుడు సీటుకు టవల్ ఏసింటావు గదా? బస్సు ఇంగా నిలబడకముందే కిటికీ పక్కనే ఉరుకుతా ఏస్తే సరిగ్గా సీట్లో పడతాది, అదే నువ్వు నిలబడి ఏసినావంటే ఎనక కిటికీలో ఎవరి మొగం మీదనో పడతాది. ఇదీ అంతే. బాతు ఎనక నుంచి తుపాకి తిప్పుకుంటా రా, తోక, ఒళ్ళు, ముక్కు దాటించు, దాటంగానే నొక్కు, నొక్కినాక కూడా తిప్పుతానే ఉండు. ఆపితే తగలదు.
లెక్క కావాలన్నావు కాబట్టి చెప్తా. ఆ బాతు గంటకు 60 కిలోమీటర్ల పైన పోతాది, పెద్దది గాబట్టి నిదానం అనిపిస్తాది అంతే. సెకండుకు 16 మీటర్ల పైనే. 35 గజాల దూరం పోయేదానికి స్టీలు గుండ్లకు సుమారుగా సెకండులో పదో వంతు పడతాది. అంటే అడ్డంగా పోయే బాతుకు ఐదు అడుగుల పైన ముందర ఉండాల. నువ్వు మూడడుగులు పెట్టి, ఆపి, ఇంగొంచెం ఆలోచించి కొడితే యాడికి పోతాదో నువ్వే లెక్కేస్కో. నేరుగా నెత్తి మీదికొచ్చేదయితే గొట్టంతో తల కప్పేసి కొట్టడమే. దిగేదయితే కాళ్ళ కింద చూడాల. 40 గజాలు దాటింటే వదిలేయ్, దెబ్బ తగిలి యాడో పడి చచ్చేది పాపం.

అనంత_పిట్టలు:
ఈ వేటల ముచ్చట తెలుగోళ్ళ కాడ ఎందుకప్పా. ఈడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, చదివి ఎవడన్నా సింగనమల చెరువు కాడికి తుపాకి ఎత్తుకోని పోతే? మా పాత అనంతపురం జిల్లా (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఇండ్ల పక్కన చింతచెట్ల మీదనే గూళ్ళు పెడతాయి, ఊర్లోళ్ళు వాటిని ఒక్క మాట అననీరు. పట్టెతల బాతులు హిమాలయాలు దాటి వచ్చేది కూడా మన తుపాకి దెబ్బ తినేదానికి కాదు.

కడప_స్కీట్:
నువ్వు చెప్పింది నిజమే న్నా, ఈడ చేస్తే జైలే. కానీ ఆ పిల్లోడు ఆడ లైసెన్సుతో పోయినాడు. నేను కొట్టేది గాల్లోకి విసిరే మట్టి పళ్ళేలు, ప్రాణం లేనివి.

అనంత_పిట్టలు:
సరేలే. మా తాత కాడ లైసెన్సు డబల్ బ్యారెల్ ఉండేది, ఎప్పుడో కౌజులు కొట్టినాడంట, మాకు గుర్తుండేది మాత్రం ఎలక్షన్ వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించేదానికి పోయేది ఒకటే. ఆయన చెప్పేటోడు, ముందు నీకు ఏ కన్ను పెద్దదో చూస్కోమని. రెండు కండ్లు తెరిచి దూరంగా స్తంభానికి వేలు పెట్టి ఒక్కొక్క కన్ను మూయి, ఏ కన్ను తెరిచినప్పుడు వేలు కదలదో అదే అసలు కన్ను. ఆ పిల్లోడు ఒక కన్ను మూస్తాండాడు గదా, అడగండి.

ఆదోని_పిల్లోడు:
ఇప్పుడే కిటికీలో నుంచి కరెంటు స్తంభానికి చూసినా. నాది ఎడమ కన్ను! తుపాకి మాత్రం కుడి భుజం మీద. అందుకేనేమో రెండూ తెరిస్తే పూస పక్కకు పోయినట్ల కనపడేది, అందుకే మూస్తాంటి.

కడప_స్కీట్:
భుజం మార్చుకోలేవంటే అద్దాలు పెట్టుకోని, ఎడమ అద్దం మీద పూస కనపడే చోట మాత్రం చిన్న టేపు ముక్క అతికించు, కన్ను తెరిచే ఉంటాది, పూస మాత్రం కుడి కంటికే. తూటాల్లేకుండా, రెండుసార్లు చూస్కోని మరీ, గదిలో గోడకు పైకప్పుకు మధ్య గీత ఎంబడి తుపాకి తిప్పు, చెంప తుపాకి ఎనక కట్టె మీద నుంచి లేవనీయద్దు, దినాం పది నిమిషాలు.

ఆదోని_పిల్లోడు:
గదిలో ఇంగొకడు ఉంటాడు న్నా, తుపాకి తీస్తే భయపడతాడు. చీపురు కట్టెతో తిప్పుతాండా.